బాలయోగి కూలిన ఆదివారం: ‘మిషన్ ఫెయిలైంది’ అనే మాట వెనక

(మన నాయకులు – మన చరిత్ర: 14వ భాగం)



పోయిన భాగంలో దామోదరం సంజీవయ్య గారి గురించి మాట్లాడుకున్నాం. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయి, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రిగా నిలిచి, రెండేళ్లు దాటగానే కుర్చీ దిగిన మనిషి ఆయన. ఈ భాగం గంటి మోహనచంద్ర బాలయోగి గారిది. లోక్‌సభకు తొలి దళిత స్పీకర్. ఇప్పటి డిగ్రీ పిల్లలను ఆయన గురించి అడిగితే రెండు ముక్కలు చెబుతారు. ఒకటి, గచ్చిబౌలి స్టేడియానికి ఉన్న పేరు. రెండు, హెలికాప్టర్ కూలి చనిపోయాడు. బతికిన బతుకంతా పోయి చావు ఒక్కటే మిగిలింది. ఆ చావునైనా సరిగ్గా చదివామా అంటే, అదీ లేదు. అందుకే ఈ భాగం.

ఆ ఆదివారం మా ఊళ్లో

2002 మార్చి 3. ఆదివారం. బడి లేదు. మాది దొంకేశ్వర్. ఆర్మూర్ వైపు మార్చి అంటే పసుపు ఉడకేసే కాలం. తవ్విన కొమ్ములు కుప్పలు పోసి, చేన్ల పక్కనే పొయ్యి తవ్వి, పెద్ద కడాయిల్లో వేసి ఉడికిస్తారు. కొమ్ముకు పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి, అప్పుడే దించాలి. పసుపు వాళ్లది, పొయ్యి ముందు వేడి మాది. మా బాపు తెల్లవారుజాము నుంచి అక్కడే ఉన్నాడు. నేను సద్ది పట్టుకొని పోయాను. అక్కడ ఒకాయన రేడియోలో వార్త వచ్చింది. లోక్‌సభ స్పీకర్ ఎక్కిన హెలికాప్టర్ కూలింది, బాలయోగి మరణించారు.

బాపు చేతిలో గరిటె పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మనోడేనట బిడ్డా. గంత పెద్ద కుర్సీల కూసున్నోడు.” నాకు అప్పటికి స్పీకర్ అంటే మైకులోంచి శబ్దం వచ్చే డబ్బా. బాపు ఎప్పుడూ ఢిల్లీ చూడలేదు, కోనసీమ చూడలేదు. కానీ ఆ మనిషి ‘మనోడు’ అని ఆయనకు తెలుసు. ఇంకో కడాయి దగ్గరున్న పెద్దమనిషి ఒకాయన, “మిషన్ ఫెయిలైందంట, ఎవలేం జేస్తరు” అన్నాడు. అందరూ మళ్లీ పనిలో పడ్డారు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఎందుకో ఈ వ్యాసం చివర చెబుతాను.

ఎదుర్లంక నుంచి ఢిల్లీకి

మా వైపు గోదావరి శ్రీరాంసాగర్ నీళ్లై ఆగి నిలబడుతుంది. అదే గోదావరి సముద్రంలో కలవబోయే చోట, యానాంకు ఎదుటి ఒడ్డున ఎదుర్లంక ఉంది. బాలయోగి అక్కడ 1951 అక్టోబర్ 1న పుట్టారు. లంక గ్రామం. ఏ చదువుకైనా, ఏ ఆసుపత్రికైనా నది దాటాల్సిందే. కాకినాడలో చదివారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చేశారు, 1980లో కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది, దాన్ని వదిలేసి మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. మన ఇళ్లలో సర్కారు నౌకరీ వదులుకోవడం ఎంత పెద్ద మాటో మీకు చెప్పనక్కర్లేదు.

1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి తెలుగుదేశం తరఫున లోక్‌సభకు వెళ్లారు. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో మళ్లీ అమలాపురం నుంచి గెలిచారు. ఆ ఏడాది మార్చి 24న లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. అప్పటికి ఢిల్లీకి పెద్దగా తెలియని పేరు. వాజ్‌పేయి ప్రభుత్వానికి తెలుగుదేశం మద్దతు కావాలి, దానికి ప్రతిగా వచ్చిన పదవి అని అందరూ అన్నారు. అందులో నిజం ఉంది. సంకీర్ణ రాజకీయాల లెక్కలోంచే ఆ కుర్చీ వచ్చింది. కానీ వచ్చిన కుర్చీలో ఎలా కూర్చున్నారన్నది ఆయన సొంతం.

దానికి పరీక్ష ఏడాదిలోనే వచ్చింది. 1999 ఏప్రిల్ 17. జయలలిత మద్దతు ఉపసంహరించారు, వాజ్‌పేయి విశ్వాస తీర్మానం పెట్టారు. ఒరిస్సా ముఖ్యమంత్రిగా అప్పటికే ప్రమాణం చేసిన గిరిధర్ గమాంగ్ ఇంకా లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా లేదా అని సభలో గోల. స్పీకర్ పార్టీ ప్రభుత్వం వైపు ఉంది. గమాంగ్ ఓటు ప్రభుత్వానికి వ్యతిరేకం. స్పీకర్ ఆయన ఓటును ఆపే ప్రయత్నం చేయలేదు, ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. 269 – 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగండి. ఆ ఒక్క ఓటు ఎవరిదని అడిగితే ఇప్పటికీ అందరూ గమాంగ్ పేరే చెబుతారు. నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసిన సంగతి చాలామందికి గుర్తుండదు. 270 మంది ఓటేస్తే నింద ఒక ఆదివాసీ మీద నిలబడింది. సభాపతిగా ఉన్న దళితుడు నిబంధన తప్పకుండా నిలబడిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఓట్లు సరిసమానమైతే రాజ్యాంగం వందో అధికరణం ప్రకారం స్పీకర్ తన ఓటు వేయాల్సి వచ్చేది. ఆ అంచు దాకా పోయిన రోజది.

1999 అక్టోబర్ 22న రెండోసారి స్పీకర్ అయ్యారు. లోక్‌సభకు తొలి నైతిక విలువల కమిటీ 2000లో ఆయన హయాంలోనే వచ్చింది. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు సభాపతి ఆయనే. రాష్ట్రపతి భవన్‌లో కె.ఆర్. నారాయణన్, స్పీకర్ కుర్చీలో బాలయోగి. దేశంలో రెండు అత్యున్నత పదవుల్లో ఒకేసారి ఇద్దరు దళితులు. అదే కాలంలో ఊళ్లలో మనకు హోటళ్ల దగ్గర వేరే గ్లాసులు ఉన్నాయి. రెండూ నిజమే. రెండూ కలిపి రాస్తేనే చరిత్ర.

కొవ్వాడలంక చేపల చెరువు

ఇప్పుడు ఆ ఉదయానికి వద్దాం. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నాయి. గుజరాత్ తగలబడుతోంది. దేశం కళ్లన్నీ అటే ఉన్నాయి. బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్ రావడానికి ఉదయాన్నే ఒక ప్రైవేటు హెలికాప్టర్ ఎక్కారు. బెల్ 206 రకం, చిన్నది. ఆయన, ఆయన అంగరక్షకుడు, పైలట్. ముగ్గురే. కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంక గ్రామంలో అది చేపల చెరువులో కూలింది. ముగ్గురూ చనిపోయారు. బాలయోగి గారికి యాభై ఏళ్లు. మావలంకర్ 1956లో పదవిలో ఉండగా మరణించారు. ఆయన తర్వాత పదవిలో ఉండగా పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగే.

ముగ్గురు అని నొక్కి చెబుతున్నాను. మిగతా ఇద్దరి కుటుంబాలు ప్రజా జీవితంలో లేవు కాబట్టి ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. కానీ వర్ధంతి పోస్టర్ వేసేటప్పుడు, సభలో మౌనం పాటించేటప్పుడు ముగ్గురికీ పాటించండి. డ్యూటీలో చనిపోయిన మనిషిని లెక్కలోంచి తీసేసే అలవాటు మనకు వద్దు.

ఆ రోజు మొదట వచ్చిన వార్తల్లో ఉన్నది సాంకేతిక లోపం అని. ఉదయపు మసకలో కింద ఏమీ సరిగా కనిపించలేదని, నీటిని నేల అనుకొని దించబోయారని కూడా ఆ రోజుల్లో మాటలు నడిచాయి. కొందరు మిత్రులు ఇంకో అడుగు ముందుకేసి కుట్ర అంటారు. నాకు ఆ మాట మీద అభ్యంతరం ఉంది. రుజువు లేని కుట్ర కథ మనకు కోపం ఇస్తుంది, చదువు ఇవ్వదు. మన మనిషి చనిపోయాడు కాబట్టి కుట్రే అయి ఉండాలనుకోవడం తప్పు. అలాగని, “మిషన్ ఫెయిలైంది, ఎవలేం జేస్తరు” అని ఊరుకోవడం కూడా అంతే తప్పు. ఈ రెండింటి మధ్య నడవాల్సిన దారి ఉంది.

యంత్రం ఒంటరిగా చంపదు

బెల్ 206కు ఒక్కటే ఇంజను, పైన రెండు రెక్కల రోటర్. గాల్లో ఇంజను ఆగిపోతే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పైలట్ వెంటనే రెక్కల వాలు తగ్గిస్తే, కిందికి దిగుతున్నప్పుడు కింద నుంచి తగిలే గాలికే రెక్కలు తిరుగుతూ ఉంటాయి. నేల దగ్గరికి వచ్చాక ఆ తిరుగుడులో మిగిలిన బలాన్ని వాడుకొని మెల్లగా దించవచ్చు. ప్రతి హెలికాప్టర్ పైలటూ దీన్ని నేర్చుకుంటాడు. కానీ దానికి మూడు కావాలి. చాలినంత ఎత్తు, కింద ఖాళీ నేల, ఆ నేలను చూడగలిగే వెలుతురు. మబ్బు వల్లనో మంచు వల్లనో కిందికి దిగి ఎగరాల్సి వస్తే ఎత్తు పోతుంది. అలలు లేని నీటి మీద ఎగిరితే ఎంత దూరంలో ఉందో కంటికి అందదు. అనుభవం ఉన్న పైలట్లనూ నిలకడ నీరు మోసం చేస్తుంది.

కైకలూరు కొల్లేరు అంచున ఉంటుంది. పైనుంచి చూస్తే కళ్లు చెదిరేలా చెరువు పక్కన చెరువు. అవి దేవుడు తవ్వినవి కావు. 1970లలో కొల్లేరులో సహకార సంఘాల పేరుతో మత్స్యకారులకు, దళితులకు చెరువులు ఇచ్చారు. ఆ తర్వాత లీజుల పేరుతో చాలాచోట్ల అవి డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2005–06లో గట్లు తెగ్గొట్టారు. పట్టా మన పేరు మీద, చేప వేరేవాళ్ల లారీలో. కొల్లేరు గురించి ఒక పూర్తి భాగం తర్వాత రాస్తాను. ఇక్కడ చెప్పేది ఇంతే. ఒక ప్రమాదం జరిగిన చోటు కూడా మనుషులు చేసిన నిర్ణయాల్లోంచే తయారవుతుంది.

నిర్ణయాల వరుస ఎలా పనిచేస్తుందో చూడాలంటే 2009 సెప్టెంబర్ 2 నాటి ఘటన చదవాలి. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బెల్ 430లో బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలింది, ఐదుగురు చనిపోయారు. మరుసటి రోజుకు గానీ ఆచూకీ దొరకలేదు. దాని మీద త్యాగి కమిటీ విచారణ జరిగింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక వచ్చింది. పైలట్లు ఇద్దరూ పుస్తకంలో దాని గురించి వెదుకుతూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. ఆ లోపల వాతావరణం కమ్ముకుంది. వెనక్కి తిరగాల్సిన సమయం దాటిపోయింది. చివరికి బలమైన కిందిగాలిలో చిక్కి అదుపు తప్పింది.

చూశారా, ఆ హెచ్చరిక ఒక్కటే చంపలేదు. వాన ఒక్కటే చంపలేదు. వెనక్కి తిరగకపోవడం ఒక్కటే చంపలేదు. మూడూ ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ‘యంత్ర లోపం’ అని ఒక్క మాటతో ఫైలు మూసేసి ఉంటే ఇదంతా మనకు తెలిసేదే కాదు.

ఆ పదేళ్ల కాలం చూడండి. 2001 సెప్టెంబర్ 30న మాధవరావు సింధియా, ఆయనతోపాటు విలేఖరులు సహా మరో ఏడుగురు. ఐదు నెలలకే బాలయోగి. 2004 ఏప్రిల్ 17న కరీంనగర్‌లో ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన నటి సౌందర్య, ఆమె అన్న, బెంగళూరు జక్కూరు నుంచి లేచిన కొద్దిసేపటికే. అదే ఏడాది సెప్టెంబర్‌లో మేఘాలయలో పది మంది. 2005 మార్చి 31న హర్యానా మంత్రులు ఓ.పి. జిందాల్, సురేందర్ సింగ్. 2009లో రాజశేఖరరెడ్డి. 2011లో అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ. నాయకులు చిన్న విమానాల్లో, అద్దె హెలికాప్టర్లలో తిరగడం పెరిగింది. సభ టైముకు అందుకోవాలనే ఒత్తిడి పెరిగింది. ‘వాతావరణం బాగాలేదు, ఎగరను’ అని చెప్పే ధైర్యం పైలట్‌కు ఉండాలి, ఆ మాట వినే అలవాటు నాయకుడికి ఉండాలి.

ఇంకో సంగతి. 2012 వరకు మన దేశంలో విమాన ప్రమాదాల విచారణ పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ కింద జరిగేది. విమానానికి ఎగరడానికి అనుమతి ఇచ్చేదీ ఆ ఆఫీసే, కూలితే ఎందుకు కూలిందో చూసేదీ ఆ ఆఫీసే. తప్పు తమ తనిఖీలోనే ఉంటే? 2012లో కొత్త నిబంధనలు తెచ్చి ప్రమాద విచారణకు వేరే బ్యూరో పెట్టారు. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దకూడదన్నంత చిన్న విషయం. దానికి అన్నేళ్లు పట్టింది.

పేరు మిగిలింది, పని?

బాలయోగి గారి తర్వాత అమలాపురం ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గారు గెలిచారు. 2024లో కొడుకు హరీష్ అదే స్థానం నుంచి ఎంపీ అయ్యారు. యానాం – ఎదుర్లంక వారధికి ఆయన పేరు పెట్టారు. పడవ కోసం ఒడ్డున కూర్చున్న ఊరికి వంతెన రావడం చిన్న విషయం కాదు. పార్లమెంటు గ్రంథాలయ భవనంలో ఆయన పేరుతో ఆడిటోరియం ఉంది. కానీ ఆయన పట్టుబట్టి సాధించిన కోటిపల్లి – నరసాపురం రైలు మార్గం రెండు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదు. విగ్రహానికి దండ వేయడానికి వచ్చే నాయకులను ఆ రైలు గురించి అడగండి.

మా చిన్నాయిన

మొదట్లో ఒక మాట చెవిలో ఉండిపోయిందని చెప్పాను. బాలయోగి గారు పోయిన రెండేళ్లకు మా చిన్నాయిన చనిపోయాడు. ఒక రైతు దగ్గర జీతం ఉండేవాడు. రాత్రి కరెంటు వస్తే మోటారు పెట్టడానికి పోయాడు. స్టార్టర్ డబ్బాకు మూత లేదు, వైరు తేలి ఉంది, కింద తడి. తెల్లారి చూస్తే బావి గట్టు మీద పడి ఉన్నాడు. ఊళ్లో అందరూ అన్నది అదే మాట. “మోటార్ షార్టయింది, ఎవలేం జేస్తరు.” పోలీసులు వచ్చారు, పంచనామా రాశారు. దహనానికి ఆ రైతు కొంత ఇచ్చాడు. మా పిన్ని వేలిముద్ర వేసింది. అంతే.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో కరెంటుతోనో యంత్రంతోనో నడిచే వ్యవసాయంలో పనిచేసే కూలీ కూడా ఉండేవాడు. రెండేళ్లలోపు దావా వేయాల్సి ఉండేది. ఈ సంగతి నేను హైదరాబాద్‌లో లా చదివేటప్పుడు తెలిసింది. అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయింది. 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం ఒకటి వచ్చింది. నూర్పిడి మిషన్లలో చేతులు తెగిపోతున్న కూలీల కోసం తెచ్చిన చట్టం, పరిహారం కూడా అందులో ఉంది. మా మండలంలో ఆ చట్టం పేరు విన్న కూలీని నేను ఇప్పటివరకు చూడలేదు.

స్పీకర్ చనిపోతే విచారణ ఉంటుంది. చిన్నాయిన చనిపోతే పంచనామా ఉంటుంది. ఆయన కుర్చీకి, మా చిన్నాయిన స్టార్టర్ డబ్బాకు పోలిక లేదని నాకు తెలుసు. కానీ ఇద్దరి చావు మీదా ఊరు చెప్పిన మాట ఒక్కటే. ఆ మాట యంత్రం మీద వేస్తారు, యంత్రాన్ని ఎవరు చూసుకోవాలో ఆ మనిషిని తప్పిస్తారు. మూత పెట్టనిది మోటారు కాదు. తనిఖీ చేయనిది ఇంజను కాదు.

మీరు చేయాల్సినవి

విద్యార్థి మిత్రులకు మూడు పనులు.

ఒకటి. పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పాత లోక్‌సభ చర్చలు ఉన్నాయి. 1998 నుంచి 2002 వరకు బాలయోగి గారు సభ నడిపిన తీరును అందులో చదవండి. ఆయన మీద సెమినార్ పేపర్ రాయాలంటే చావు దగ్గర మొదలుపెట్టకండి, 1999 ఏప్రిల్ 17 దగ్గర మొదలుపెట్టండి.

రెండు. ఏ ప్రమాదం జరిగినా ‘సాంకేతిక లోపం’ అనే మాట దగ్గర ఆగకండి. చివరిసారి తనిఖీ ఎప్పుడు, సంతకం ఎవరిది, నడపొద్దని ఎవరైనా చెప్పారా, చెబితే ఎవరు వినలేదు. ఈ నాలుగూ అడగండి. సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి.

మూడు. మీ ఊళ్లో పదేళ్లలో మోటార్ల దగ్గర, పాలిష్ డ్రమ్ముల దగ్గర, హార్వెస్టర్ల కింద, డ్రైనేజీల్లో చనిపోయిన మనవాళ్ల జాబితా రాయండి. పేరు, తేదీ, యంత్రం, ఎఫ్‌ఐఆర్ నంబరు, పరిహారం వచ్చిందా లేదా. కొత్తగా ఎవరికైనా జరిగితే పోస్టుమార్టం రిపోర్టు, ఎఫ్‌ఐఆర్ కాపీ నెల తిరక్కుండా చేతికి తెచ్చుకోండి. గడువు దాటిన తర్వాత తెలిసే చట్టం ఇంటికి పనికిరాదు. మా ఇంటి అనుభవం అది.

మా బాపు ఇప్పుడు పసుపు పనికి పోవడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఈ వ్యాసం రాసే ముందు ఆయన్ను అడిగాను, బాలయోగి చనిపోయిన రోజు గుర్తుందా అని. “గుర్తులేకేంది. ఆ దినం కడాయి అడుగంటింది, పటేల్ కూలి కోసిండు” అన్నాడు. రేడియో విని నిలబడిపోయిన ఆ కొద్దిసేపటికి ఆయన కట్టిన ధర అది. ఇన్నేళ్లూ ఆ సంగతి నాకు చెప్పలేదు.

వచ్చే భాగంలో 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా బాబాసాహెబ్ చేసిన పని గురించి. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటల పని అనే హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో అందులో చూద్దాం.

జై భీమ్.